బైబిలమ్మ గొడుగు

మా అవ్వకి ఒక నల్ల గొడుగు ఉండేది. చెక్క పిడి. ఏళ్ళ తరబడి పట్టుకుని పట్టుకుని ఆ వంకీ నున్నగా అరిగిపోయి మెరిసేది. ఎండాకాలం, వానాకాలం అని లేదు. పొద్దున ఏడింటికల్లా ఆ గొడుగు చేతబట్టుకుని, భుజానికి గుడ్డసంచి తగిలించుకుని పల్లె దాటి ఊళ్ళోకి పోయేది. సంచిలో బైబిలు, చుట్టచుట్టిన రెండు మూడు బొమ్మల పటాలు, కళ్ళజోడు డబ్బా, ఒక సీసాలో మంచినీళ్ళు. నీళ్ళు ఎందుకంటే, ఊళ్ళో ఎవరింట్లో అయినా దాహం అడిగితే చేతులు దోసిలి పట్టమని పైనుంచి పోసేవాళ్ళు. అవ్వ దాని గురించి ఎప్పుడూ ఏమీ అనలేదు. సీసా మాత్రం మర్చిపోయేది కాదు.

అవ్వ బైబిలు స్త్రీ. ఇప్పటి పిల్లలకి ఈ మాట తెలియకపోవచ్చు. మిషన్ రోజుల్లో చదువొచ్చిన క్రైస్తవ స్త్రీలని ఇళ్ళకి పంపేవాళ్ళు. ఆడవాళ్ళ దగ్గర కూర్చుని వాక్యం చదివి వినిపించడం, కష్టం చెప్పుకుంటే వినడం, ప్రార్థన చేయడం వాళ్ళ పని. మా అవ్వకి ఆ పనితో పాటు ఇంకో పని కూడా ఉండేది. ఊళ్ళో ఆడవాళ్ళకి ఉత్తరాలు రాసిపెట్టేది. మిలిటరీలో ఉన్న కొడుక్కి, కాపురానికి పోయిన కూతురికి. అరుగు కింద నేలమీద కూర్చుని ఆమె రాస్తుంటే, అరుగు మీద కూర్చున్నావిడ చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకునేది. నేను సెలవుల్లో వెంట వెళ్ళి అదంతా చూశాను. ఊళ్ళో అవ్వ అసలు పేరు ఎంతమందికి తెలుసో నాకనుమానమే. అందరికీ ఆమె బైబిలమ్మ. కొందరు మర్యాదగా అనేవాళ్ళు, కొందరు ఎగతాళిగా.

మాది ఒంగోలు దగ్గర ఒక చిన్న ఊరు. ఊరికి ఎడంగా మా పల్లె, పల్లె మధ్యలో సున్నం కొట్టిన చిన్న గుడి. చర్చిని మేము గుడి అనే అనేవాళ్ళం. నాయన పొగాకు ఆరబెట్టే బ్యారన్ దగ్గర పని చేసేవాడు, అమ్మ ఆకు గ్రేడింగుకి పోయేది. ఇంట్లో చదువొచ్చింది మొదట అవ్వకే. మా నాయనకీ, ఆ తర్వాత నాకూ అక్షరాలు దిద్దించింది ఆమే.

ఎగతాళి అంటే ఒకటి కాదు. అవ్వ నుదుట బొట్టు లేదు, మెడలో పసుపుతాడు లేదు. తాత బతికున్న రోజుల్లోనే, "మొగుడుండగానే ఆ బోసిమొహం ఏందమ్మా, అరిష్టం" అని మొహం మీదే అనేవాళ్ళంట. వీధిలో మగపిల్లలు వెనకే నడుస్తూ "వొందనాలు, వొందనాలు" అని ముక్కుతో అనేవాళ్ళు. కళ్ళు మూసుకుని చేతులు పైకెత్తి ప్రార్థన చేస్తున్నట్టు నటించి ఒకళ్ళమీద ఒకళ్ళు పడి నవ్వేవాళ్ళు. ఇవన్నీ పిల్లచేష్టలని అనుకోవచ్చు. కానీ పెద్దల మాట ఒకటి ఉండేది. అది మటుకు సూదిలాగా దిగేది. "కరువులో గంజి కోసం కలిసినోళ్ళు." కలవడమంటే క్రైస్తవంలో చేరడం.

రామాలయం మలుపులో ఒక టీకొట్టు ఉండేది. ఆ కొట్టాయన పేరు ఇక్కడ రాయను. ఎందుకు రాయనో తర్వాత చెబుతాను. అవ్వ గొడుగు మలుపులో కనబడగానే ఆయన చేతిలో పని ఆపేసి, ఖాళీ గ్లాసు ఒకటి తీసుకుని చెంచాతో టింగ్ టింగ్ మని కొట్టేవాడు. మా గుడిగంట లాగా. "రండి రండి, గంజికి వేళయింది" అని కేకేసేవాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఆ కొట్లో మావాళ్ళకి గ్లాసులు వేరు. బయట గూట్లో బోర్లించి ఉండేవి, తాగి మేమే కడిగి పెట్టాలి. అవ్వ అక్కడ ఎప్పుడూ టీ తాగలేదు. గంట మోగినప్పుడు ఆగేది, గొడుగు కొంచెం పక్కకి వంచి ఆయన మొహంలోకి చూసి, "వందనాలయ్యా, పిల్లలు బాగున్నారా?" అనేది. ఆయన జవాబు చెప్పేవాడు కాదు. ఆమె కదిలి వెళ్ళిపోయేది. ఏళ్ళ తరబడి ఇదే తంతు.

నాకు ఆ "పిల్లలు బాగున్నారా" అంటే ఒళ్ళు మండేది. భయపడి అంటోందనుకునేదాన్ని. కాదని తెలియడానికి చాలా రోజులు పట్టింది. రోజూ రాత్రి అన్నాలయ్యాక లాంతరు చుట్టూ కూర్చుని కుటుంబ ప్రార్థన చేసుకునేవాళ్ళం. అవ్వ ప్రార్థనకి ఒక వరస ఉండేది. ముందు స్తోత్రాలు, తర్వాత వాన గురించి, తర్వాత ఆ టీకొట్టాయన పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, ఆ తర్వాత మా గేదె గురించి. నేను చెబుతున్నది నిజం. ఆయనకి వాతంతో మోకాళ్ళు పట్టేస్తాయని నాకు తెలిసింది కూడా అవ్వ ప్రార్థన వల్లే. "ప్రభువా, ఆ బిడ్డ పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర నిలబడాలి, ఆ కాళ్ళకి బలమియ్యి" అనేది. నేను ఒక కన్ను తెరిచి అమ్మ వైపు చూసేదాన్ని. అమ్మ కళ్ళు మూసుకునే నా తొడ మీద గిల్లేది.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి.

1974 అనుకుంటాను, నేను ఆరో తరగతి. మధ్యాహ్నం బడిలో ఉప్మా పెట్టేవాళ్ళు. ఆ కాలంలో చదువుకున్నవాళ్ళందరికీ ఆ ఉప్మా గుర్తుండే ఉంటుంది. అమెరికా నుంచి వచ్చిన గోధుమరవ్వ, అక్కడి నుంచే వచ్చిన నూనె డబ్బాలు. కేర్ అనే అమెరికా సాయం సంస్థ పేరుతో కేర్ ఉప్మా అనేవాళ్ళు. పెద్ద గంగాళంలో ఆయా వండేది. పసుపుపచ్చగా, కొంచెం జిగటగా, ఒకలాంటి నూనె వాసనతో ఉండేది. కొందరు పళ్ళేలు తెచ్చుకునేవాళ్ళు, కొందరు బాదం ఆకుల్లో పెట్టించుకునేవాళ్ళు. ఊరి పిల్లలు వరండాలో, మేము వేపచెట్టు కింద.

ఒకరోజు లెక్కల మాస్టారు రాలేదు. క్లాసులో గోల. నా ముందు బెంచీ పిల్లాడు వెనక్కి తిరిగి, డెస్కు మీద పలకపుల్లతో టింగ్ టింగ్ మని కొట్టి, "గంజికి వేళయింది, రండి రండి" అన్నాడు. టీకొట్టు దగ్గర నేర్చుకున్నాడు. నా చుట్టూ నవ్వులు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. అప్పుడు నోట్లోంచి వచ్చిన మాట ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. "నువ్వు రోజూ తినే ఉప్మా ఎవరిదిరా? అమెరికా దొరలదే. రెండో మారు కూడా పెట్టించుకుంటావుగా. మరి నువ్వెప్పుడు కలిశావు?"

క్లాసంతా ఘొల్లుమంది. ఈసారి వాడి మీద. వాడి మొహం ఎర్రబడి, ముందుకు తిరిగి కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం గంగాళం దగ్గరకి వాడు రాలేదు. మరునాడూ రాలేదు. వరండా స్తంభానికి ఆనుకుని పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. నేను వేపచెట్టు కింద నుంచి చూస్తూ తిన్నాను. సంతోషంగా తిన్నాను. ఆ ఉప్మా నాకు అంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదని ఒప్పుకోవాలి.

రెండో రోజు రాత్రి ఇంట్లో గొప్పగా చెప్పాను. నాయన నవ్వాడు. మా బాబాయి అయితే, "అద్దీ, అట్టా ఉండాల!" అని వీపు తట్టాడు. అవ్వ ఏమీ అనలేదు. కంచంలో అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి అడిగింది.

"పాపా, ఆ పిల్లోడు ఇయ్యాల ఉప్మా తిన్నాడా?"

"లేదు. సిగ్గుతో రాలేదు."

"నిన్న?"

"నిన్నా రాలేదు."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి ఇటు తిరిగింది. ఎవరి పిల్లాడో అడిగింది. చెప్పాను. అమ్మ చేతిలో గరిట అట్లాగే ఉండిపోయింది. "వాళ్ళమ్మ గ్రేడింగులో నా పక్కన్నే కూర్చుంటది" అంది. "వాళ్ళ నాయన పోయినేడు పోయాడు. పగలు ఆ ఇంట్లో పొయ్యి ఎలగదు. బడిలో ఉప్మా తిన్నాడులే అని ఆమె ధైర్యం."

ఎవరూ మాట్లాడలేదు. బాబాయి కంచంలోకి చూస్తూ కూర్చున్నాడు. అవ్వ నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "మాట సరైందే అమ్మా" అంది. "నువ్వు అబద్ధమేం ఆడలా. కానీ నీ నిజం ఒక బిడ్డ నోటికాడ కూడు లాగేసింది. అది తిరిగి ఎట్టా పెడతావో చూడు."

అన్నం తీసుకెళ్ళి ఇద్దామా అంటే, మా ఇంటి అన్నం ఊళ్ళో పిల్లాడు ముట్టడు. ముట్టుకున్నాడని తెలిస్తే వాడినే కొడతారు. అప్పటి కాలం అది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆకలితో నిద్రపోవడం అంటే ఏమిటో మా ఇంట్లో తెలియనిది కాదు.

మరునాడు ఉప్మా గంట కొట్టగానే వేపచెట్టు దగ్గరకి పోకుండా వరండా వైపు నడిచాను. మెట్టు ఎక్కకుండా కిందే నిలబడ్డాను. కాళ్ళు వణికాయి. అందరూ చూస్తున్నారు. "నేనన్న మాట తప్పు. మన్నించు. ఉప్మా ఎవరిదైతే ఏంది, ఆకలైనోళ్ళందరిదీ. వచ్చి తిను" అన్నాను. వాడు తల ఎత్తలేదు. ఒక ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. వెనక్కి వచ్చి ఆ రోజు నేనూ తినలేదు. ఇంటికెళ్ళి చెబితే అవ్వ, "నీ పస్తు వాడి కడుపు నింపదు పాపా, రేపు తిను. వాడు వచ్చేదాకా రోజూ అడుగు" అంది. ఇంకో రోజు అడిగాను. ఆ మరునాడు వాడు వరుసలో అందరికంటే చివర నిలబడ్డాడు. ఆయా వాడి పళ్ళెంలో రెండు మార్లు వేసింది. ఆయా చేత అలా వేయించింది వాళ్ళమ్మా, మా అమ్మా, లేక ఆమె మనసా, నాకు ఇప్పటికీ తెలియదు.

మేమిద్దరం స్నేహితులం కాలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడైనా కోపం వస్తే వాడు నన్ను "రవ్వా" అని పిలిచేవాడు, దొరల రవ్వ కోసం కలిసినదాన్నని. అంతకుముందు గంజి మాటలాగా అది నాకు గుచ్చుకోలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం అవ్వ నన్ను మంచం మీద పక్కన కూర్చోబెట్టుకుని గంజి సంగతి మొత్తం చెప్పింది. తన చిన్నప్పుడు తన అమ్మమ్మ నోట విన్న సంగతి. ఆ అమ్మమ్మకి ధాత కరువునాటికి పద్నాలుగు పదిహేనేళ్ళు.

ధాత కరువంటే 1876 నుంచి రెండేళ్ళపాటు మద్రాసు రాష్ట్రంలో చాలా భాగాన్ని పీల్చి పిప్పి చేసిన కరువు. గొడ్లు పోయాయి, గింజలు పోయాయి, మనుషులు దార్లమ్మట పడిపోయారు. అప్పుడు ఒంగోల్లో బాప్టిస్టు మిషన్ దొర జాన్ క్లౌ. అమెరికాలో ఉండగా సర్వే పని చేసి వచ్చిన మనిషి. కరువు పనుల కింద సర్కారు బకింగ్‌హాం కాలువ తవ్విస్తుంటే ఆయన మూడున్నర మైళ్ళ ముక్క కాంట్రాక్టుకి తీసుకున్నాడు. లాభం కోసం కాదు, పని చూపించి కూలి ఇవ్వడానికి. వేలమంది తట్టలు, పారలు పట్టుకుని వెళ్ళారు. క్రైస్తవులే కాదు, ఆకలైన ప్రతివాళ్ళూ. అవ్వ వాళ్ళ అమ్మమ్మ అక్కడ మట్టి తట్టలు మోసింది. మేస్త్రీలుగా ఉన్న మావాళ్ళ బోధకులు పొద్దున పని చూసి, సాయంత్రం చెట్టు కింద వాక్యం చెప్పేవాళ్ళు.

"అప్పుడే కదా కలిసింది?" అన్నాను.

"కాదు. ఇక్కడే జాగర్తగా ఇను" అంది అవ్వ. "మాకు బాప్తిస్మం ఇయ్యమని జనం అడిగారు. దొర ఇయ్యనన్నాడు. కూలి కోసం, గింజల కోసం కలుస్తారేమో అని ఆయనకే భయం. పదిహేను నెలలు ఒక్కళ్ళకీ ఇయ్యలా. కరువు పోయింది, కాలవ పని అయిపోయింది, పంచే గింజలు అయిపోయాయి. అప్పుడు కూడా జనం వచ్చారు. ఇంక మా దగ్గర ఇవ్వడానికి ఏం లేదు, పొండి అంటే, మాకేం వద్దు, బాప్తిస్మం కావాలన్నారు."

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్క రోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. దొర ఒక్కరికి కూడా తన చేత్తో ఇవ్వలేదని, తెలుగు బోధకులే ఇద్దరిద్దరు చొప్పున నీళ్ళలో నిలబడి, అలిసిపోతే ఇంకో ఇద్దరు దిగి ఇచ్చారని అవ్వ చెప్పేటప్పుడు ఆమె గొంతులో ఒక సంతోషం వినబడేది. వాళ్ళలో పేర్లు తెలిసిన పెద్దలు ఉన్నారు, తెలియని ముసలమ్మలు ఉన్నారు, పదహారేళ్ళ ఆ అమ్మమ్మ ఉంది. నాలుగు రోజుల ముందు నుంచీ నడిచి వెళ్ళారంట. కట్టుకున్న చీర తప్ప ఇంకొకటి లేక, బయటికొచ్చాక ఒంటి మీదే ఆరబెట్టుకున్నారంట.

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. దొరికింది జవాబు అనుకున్నాను. రేపే బడికెళ్ళి చెబుతాను, గంజి కోసం కాదు అని అందరి మొహాన కొడతాను అన్నాను.

అవ్వ నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఆమె అన్న మాటలు నేను యాభై ఏళ్ళుగా మోస్తున్నాను. "గంజి కోసం వచ్చినోళ్ళు అసలు లేరని చెప్పబాక పాపా. ఉండుంటారు. ఆకలైనోడు గంజి కాడికి రావడం తప్పా? ప్రభువు దగ్గరికి రొట్టెల కోసం వచ్చినోళ్ళు లేరా? రొట్టెలు తిని తృప్తి పొందారు గనక నన్ను ఎతుకుతున్నారని ఆయనే అన్నాడుగా. అన్నాడు గానీ ఎళ్ళగొట్టాడా? మన ముసలోళ్ళ ఆకలిని చూసి నువ్వు సిగ్గుపడితే, ఎగతాళి చేసేవాడి పక్కన పోయి నిలబడ్డట్టే."

ఈ మాట అర్థం కావడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. అప్పటిదాకా నన్ను బాధపెట్టింది ఎగతాళి అనుకున్నాను. కాదు. మా ముత్తవ్వలు ఆకలితో ఉన్నారన్న సంగతే నన్ను బాధపెట్టింది. అది అబద్ధమైతే బాగుండునని కోరుకున్నాను. అవ్వ ఆ ఆకలిని దాచలేదు, సాకులు చెప్పలేదు. అందుకే గ్లాసు మీద చెంచా మోగినప్పుడు ఆమె మొహం మారలేదు.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చెప్పింది. బైబిలు తెరిచి రెండు చోట్ల వేలు పెట్టింది. రెండూ పేతురు రాసిన మొదటి పత్రికలోవే. "ఆయన దూషింపబడియు బదులు దూషింపలేదు" అని ఒకటి. మీలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడుగు ప్రతివానికి "సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు" సిద్ధంగా ఉండమని ఇంకొకటి. "చూడు, బదులు వద్దన్నాడు, సమాధానం చెప్పమన్నాడు. నువ్వు ఆ పిల్లోడికి చెప్పింది బదులు." మన తెలుగు బైబిల్లో శాంతికి కూడా సమాధానం అనే మాటే ఉందని, మనం ఆదివారం ఒకరికొకరు చెప్పుకునేది అదేనని అప్పుడే నాకు మొదటిసారి తట్టింది. పంతులు ప్రశ్నకి చెప్పే సమాధానం, గుడిలో పలికే సమాధానం ఒకటే మాట. అవ్వకి వ్యాకరణం రాదు. కానీ ఆ రెంటినీ ఆమె ఎప్పుడూ విడదీసి చూడలేదు.

ఇందులో అవ్వ మా వాళ్ళని కూడా వదల్లేదు. ఒకసారి మా పల్లెలో ఉజ్జీవ కూటాలు జరిగాయి. మూడు రాత్రులు. గుంటూరు వైపు నుంచి వచ్చిన ప్రసంగీకుడు రెండో రాత్రి మైకులో ఊరివాళ్ళ దేవుళ్ళ గురించి వెటకారంగా మాట్లాడాడు. జనం నవ్వారు. మైకు రామాలయం దాకా వినబడుతుంది. అవ్వ చాప మీద నుంచి లేచి, గొడుగు తీసుకుని, నడి కూటంలో ఇంటికి వచ్చేసింది. పొద్దున ఆయనకి కాఫీ తనే తీసుకెళ్ళి ఇచ్చి, "అయ్యా, నేను ఆ ఇళ్ళకి పోయి వాళ్ళ పెరట్లో కూర్చునేదాన్ని. వాళ్ళ మొహం నేనెట్టా చూడను? ఎగతాళి ఎట్టా ఉంటదో మనకి తెలిసినంత ఎవరికి తెలుసు?" అంది. మూడో రాత్రి ఆయన అలాంటి మాట ఎత్తలేదు. ఈ సంగతి ఈ రోజుల్లో నాకు తరచుగా గుర్తొస్తుంది. మన మీద పడ్డ మాటకి ఏడ్చేవాళ్ళం, మన నోటి నుంచి వెళ్ళే మాటని పట్టించుకోం. మైకు మన చేతికొస్తే మనమూ చెంచాతో గ్లాసు కొడుతున్నామా అని నేను చాలాసార్లు నన్నే అడిగి చూసుకున్నాను.

బాబాయికి ఇవన్నీ నచ్చేవి కావు. "ఎన్నాళ్ళే అమ్మా ఇట్టా పడేది?" అని అరిచేవాడు. 1985 జూలైలో కారంచేడు అనే ఊళ్ళో దళితుల మీద దాడి జరిగింది. అప్పట్లో అది మా జిల్లానే. మావాళ్ళని ఆరుగురిని చంపారు. బతికినవాళ్ళు చీరాల వచ్చి శిబిరంలో తలదాచుకున్నారు. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. బాబాయి అవ్వ ముందు నిలబడి, "ఇప్పుడు చెప్పు, ఇప్పుడు కూడా వందనాలయ్యా అనాలా?" అన్నాడు. అవ్వకి అప్పటికి ఎనభై ఏళ్ళుంటాయి. చూపు సరిగ్గా ఆనేది కాదు. "అనకూడదు" అంది. "నన్ను నవ్వితే నేను ఓర్చుకుంటా. అది నా మీద పడ్డ మాట. బిడ్డల్ని చంపితే ఓర్చుకోమని నాకు ఏ వాక్యంలోనూ కనపళ్ళా. నువ్వు పో, కోర్టుకి పోవాలంటే పో, నిలబడు." గాదెలోంచి కుంచెడు బియ్యం కొలిపించి బాబాయి చేత చీరాల పంపింది. ఆ రాత్రి ప్రార్థన చాలాసేపు సాగింది. చంపినవాళ్ళ గురించి ఏమైనా అంటుందేమోనని విన్నాను. "న్యాయముగా తీర్పు తీర్చువాడా" అని మూడుసార్లు పిలిచి, ఆపేసింది.

సహనం అంటే నోరు మూసుకోవడం అని ఎవరైనా నాతో అంటే, నేను ఈ రాత్రిని తలుచుకుంటాను.

నేను టీచరునయ్యాక స్టాఫ్‌రూములో అదే గంజి మాట ఎన్నిసార్లు విన్నానో. చాలాసార్లు తప్పించుకున్నాను. రెండు మూడుసార్లు బదులు చెప్పి తర్వాత రాత్రంతా బాధపడ్డాను. ఒక్కసారి మాత్రం సరిగ్గా చెప్పాననుకుంటున్నాను. ఒక సహోద్యోగి పేపర్లు దిద్దుతూ తల ఎత్తకుండానే, "మీవాళ్ళంతా కరువులో కలిసినవాళ్ళేగా మేడం" అన్నాడు. పెన్ను పక్కన పెట్టాను. ధాత కరువు సంగతి, కాలవ సంగతి, పదిహేను నెలల సంగతి, గుండ్లకమ్మ సంగతి చెప్పాను. మా ముత్తవ్వ తట్టలు మోసిందని, ఆకలితోనే వెళ్ళిందని కూడా చెప్పాను. గొంతు వణికింది. ఆయన "అట్లాగా" అన్నాడు. కాసేపు ఊరుకుని మళ్ళీ పేపర్లు దిద్దుకున్నాడు. అంతే జరిగింది. ఇంటికొచ్చే దారిలో బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు నా మనసు ఎంత తేలిగ్గా ఉందో చెప్పలేను.

అవ్వ 1987 వానాకాలంలో పోయింది. ఊళ్ళో ఉత్తరాలు రాయించుకున్న ఆడవాళ్ళు ఇద్దరు ముగ్గురు పల్లె మొదటిదాకా వచ్చి, అక్కడే నిలబడి చూసి వెళ్ళారు. మా సమాధుల తోట ఊరికి అవతలి వైపు. పెట్టె మోసుకుని రామాలయం మలుపు మీదుగానే పోవాలి. సన్నగా వాన పడుతోంది. అవ్వ గొడుగు నా చేతిలో ఉంది. వేసుకోబుద్ధి కాలేదు. పాట పాడుకుంటూ నడుస్తున్నాం. టీకొట్టు దగ్గరకి వచ్చేసరికి ఒక చరణం అయిపోయి, ఇంకొకటి ఎత్తుకోబోతున్నారు. ఆ మధ్య ఖాళీలో చెంచా చప్పుడు వినబడింది. టింగ్, టింగ్. టీ కలుపుతున్నాడో, గంట కొడుతున్నాడో నాకు తెలియలేదు. నేను ఆయన మొహం వైపు చూడలేదు. చూసి ఉంటే తెలిసేదేమో. బాబాయి ఒక్క అడుగు ఆగాడు. నాయన బాబాయి భుజం మీద చెయ్యి వేశాడు. పాట మళ్ళీ మొదలైంది.

ఆయన మారాడని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. మారలేదని కూడా చెప్పలేను. మా ఇంట్లో అన్నేళ్ళు ప్రార్థనలో పలికిన పేరుని ఇంకోచోట ఇంకోలా పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకే రాయలేదు.

ఆ రాత్రి చుట్టాలందరూ వెళ్ళిపోయాక లాంతరు చుట్టూ మేమే మిగిలాం. అవ్వ కూర్చునే చోట చాప ఖాళీగా ఉంది. నాయన ప్రార్థన మొదలుపెట్టాడు. ఆయన ఎప్పుడూ పెద్దగా ప్రార్థన చేసేవాడు కాదు, అవ్వే చేసేది. స్తోత్రాలు చెప్పాడు. వాన ఇచ్చినందుకు వందనాలు చెప్పాడు. నేను కళ్ళు తెరిచాను. బాబాయి కూడా తెరిచి చూస్తున్నాడు. నాయన గొంతు తడబడలేదు. టీకొట్టాయన పేరు, ఆయన భార్య పేరు, ఇద్దరు పిల్లల పేర్లు, అదే వరసలో చెప్పాడు. మోకాళ్ళ గురించి చెప్పాడు. తర్వాత గేదె గురించి చెప్పాడు.